కాటమ్మ మొగుడి పేరు

పందొమ్మిది వందల నలభై ఎనిమిది ఎండాకాలంలో, సూర్యాపేట చుట్టుపక్కల ఊళ్లలో ఒక మనిషి పేరు బయటికి పొక్కిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. గొర్రెలు కాసుకునే పర్వతాలు అనే అతని పేరు పొక్కింది. అతను చేసిన నేరమల్లా నిజాం మీద తిరగబడ్డ సంఘం మనుషులు తన మంద దగ్గర తలదాచుకుంటే పొమ్మనకుండా ఇంత గంజి పోయడమే. ఎవరో పుణ్యాత్ముడు ఆ ముక్క నిజాం జవాన్ల చెవిన వేశాడు. జవాన్లు ఊళ్లోకి దిగేలోపు పర్వతాలూ అతని పెళ్లాం కాటమ్మా ఎడ్లబండి కట్టుకుని కోదాడ బాట పట్టారు.

కోదాడ దాటి కిందికి పోతే కృష్ణానది. నది నడుమ ఒక లంక. దోసపాదులు, పుచ్చపాదులు, తాటిచెట్లు, ఇసుక. పిట్టల కూతలు తప్ప వేరే సద్దుండదు. కాటమ్మ మేనమామ రామనర్సయ్య అక్కడే పాదులు పెట్టుకుని, లంకవాళ్ల తగువులు తీరుస్తూ బతుకుతున్నాడు. జవాన్లు నది దిగి అంతదూరం రారు. పెళ్లయిన కొత్తలో ఆ లంకను మొగుడికి చూపించాలని కాటమ్మ ఎంతో సరదా పడింది. ఆ సరదా ఇలా తీరుతుందని ఎవరనుకున్నారు!

బండి నిండా గొంగళ్లు వేసుకున్నారు. ఎవరైనా అడిగితే గొంగళ్లు అమ్ముకునేవాళ్లమని చెప్పాలి. దారి పొడవునా పర్వతాలు పెళ్లాం చేత పాఠం అప్పజెప్పించుకుంటూనే ఉన్నాడు.

“నా పేరేంది?”

“గురవయ్య.”

“ఏ ఊరు?”

“మిర్యాలగూడ దిక్కు.”

“నసగకు. తడుముకున్నవంటే పట్టుకుంటరు. గట్టిగ చెప్పు.”

“గురవయ్య, గురవయ్య, గురవయ్య! సాలా?”

ఇంత భయంలోనూ కాటమ్మకు నవ్వొచ్చింది. పరాయి పేరు కదా, నోట్లో సులువుగానే తిరిగింది.

కోదాడ పొలిమేరలో జవాన్లు బండ్లాపి సోదా చేసే నాకా ఉంది. బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. వెనక బండిలో చిలుకూరు ఉప్పలమ్మ అనే పెద్దావిడ ఉంది. ఆమె కొడుకులు కూడా ఆ లంకలోనే పాదులు వేశారట. రామనర్సయ్య మేనకోడలని తెలిసి, పొద్దుటి నుంచి కాటమ్మను “బిడ్డా, బిడ్డా” అంటూ రెండుసార్లు మజ్జిగ పోసింది.

జవాన్లు పర్వతాలును దించి పక్కకు తీసుకుపోయారు. జమేదారు బండి దగ్గరికి వచ్చి గొంగళ్లను కర్రతో పొడిచి చూశాడు. తర్వాత కాటమ్మ వైపు తిరిగాడు.

“నీ మొగుడి పేరేంది?”

“గురవయ్య.”

ఠక్కున చెప్పింది. చెప్పి, ఎలా ఉంది అన్నట్టు కాస్త గర్వంగా కూడా చూసింది. జమేదారు పొమ్మని చెయ్యి ఊపబోతుంటే పక్కనున్న జవాను పకపకా నవ్వాడు. అతను ఈ దిక్కువాడే, తెలుగువాడే.

“జమేదార్ సాబ్, మా అమ్మ ముసల్దయింది. గియ్యాల్టి దాంక మా నాయిన పేరెత్తదు. గుళ్లె అర్చనకు గూడ పక్కామెతోటి చెప్పిస్తది. గీమె సూడు, మేకపిల్లను పిలిచినట్టు పిలిచె! గీడు గీమెకు మొగుడు కాడు. సంఘపోళ్లు ఆలుమగలమని చెప్పుకుంట తిరుగుతున్నరు గద, గిది గసొంటి జతనే.”

కాటమ్మ ఎంత పని చేసింది! అంత పాఠం చెప్పిన మొగుడికీ తట్టలేదు, అంత శ్రద్ధగా నేర్చుకున్న తనకూ తట్టలేదు. ఏ ఇల్లాలైనా ఆ మాటకు సిగ్గుపడి తల వంచేసేది, పక్కవాళ్ల చేత చెప్పించేది. నోరు మూసుకుని నిలబడి ఉంటే సరిపోయేది కదా!

అప్పటికే జవాన్లు పర్వతాలు చేతులు వెనక్కి విరిచారు. ఒకడు తాడు తెచ్చాడు. ఇలా కట్టి తోటల్లోకి తీసుకుపోయిన మగవాళ్లు ఎవరూ తిరిగి రాలేదని కాటమ్మకు తెలుసు. నా మొగుడేనని ఒట్టు పెట్టుకున్నా ఇప్పుడు నమ్మరు. నమ్మించాలంటే ఊరు చెప్పాలి, అసలు పేరు చెప్పాలి. చెప్పిందంటే ఆ తాడుకే పని.

“నిజమే దొరా,” అంది కాటమ్మ. “మొగుడు కాడు. నా మొగుడు ఇంటికాడ ఉన్నడు. నేను గీయనతోటి లేచిపోయి వచ్చిన.”

పర్వతాలు దిగ్గున తలెత్తాడు. వెనక బండిలో ఉప్పలమ్మ చేతిలోని చెంబు కిందపెట్టేసింది. జవాన్లు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. తెలుగు జవాను మాత్రం వదల్లేదు.

“అయితే ఇంటికాడున్న మొగుని పేరేందో చెప్పు.”

కాటమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. ఆ పేరు చెబితే చంపుతారన్న భయం ఒకటి. ఎన్నడూ పలకని ఆ పేరు నాలుక మీదికి రాకపోవడం ఒకటి. ఏది ఎంతో ఆమెకే తెలియదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచేసింది. ఏడుపు ఆగలేదు.

“ఇగో! గాడు, అసలు మొగుడు!” అన్నాడు జవాను. “లేచొచ్చినా పేరు బయటికొస్తలేదు.”

జమేదారు థూ అని ఉమ్మేశాడు. చెప్పు తీసి పర్వతాలును చెంపల మీద వాయించాడు. మంచి గొంగళ్లు నాలుగు ఏరుకుని, పొమ్మన్నాడు.

కోదాడ దాటినా పర్వతాలు పెళ్లాం వైపు తిరగకుండా బండి తోలుతున్నాడు.

“కోపమొచ్చిందా?” అంది కాటమ్మ.

“నీ మీద కోపమెందుకే? నువ్వు గా మాటంటుంటే సప్పుడు చెయ్యకుండ నిలవడ్డ. చెప్పుదెబ్బలు ఎంత? గది తాకింది నాకు.”

రేవులో బండి విడిచి పడవ ఎక్కారు. ఉప్పలమ్మ కూడా అదే పడవ ఎక్కింది. ఈసారి బిడ్డా అనలేదు. చీర కుచ్చిళ్లు దగ్గరికి లాక్కుని అవతలి మూలన కూర్చుంది. పడవలో ఉన్నవాళ్లంతా రోజూ కోదాడకు కాయలు మోసేవాళ్లే. ఇక్కడ విన్న మాట రేపటికల్లా నాకాలో ఉంటుంది.

అంతలో ఒడ్డున రామనర్సయ్య కనబడ్డాడు. కాటమ్మకు తండ్రి లేకపోతే పెళ్లిలో పర్వతాలు కాళ్లు కడిగింది ఆయనే. ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాడు. నవ్వు మొహంతో, చేతులు చాచుకుని వస్తున్నాడు. ఒక్కసారి పేరు పెట్టి పిలిచాడంటే అంతా అయిపోయినట్టే. మామా, పిలవకు అని ఎలా చెప్పడం?

రామనర్సయ్య నోరు తెరవబోతుండగానే ఉప్పలమ్మ అరిచింది.

“రామనర్సయ్యా, అందరి తగువులు తీరుస్తవు గద, నీ ఇంటిది గూడ తీర్చు! నీ మేనకోడలు మొగుణ్ణి ఇడిసి, ఎవడో గురవయ్యనట, ఎంటబెట్టుకొచ్చింది. నాకా కాడ దాని నోటితోటే చెప్పింది.”

రామనర్సయ్య చేతులు కిందికి వాలాయి. కాటమ్మ మొహం చూశాడు. పర్వతాలు చెంపల మీద తేలిన చెప్పువాతలు చూశాడు. పడవలోంచి దిగుతున్న జనాన్ని చూశాడు.

తర్వాత ఆయన మెల్లగా తలపాగా తీసేశాడు.

“నిజమే ఉప్పలమ్మక్కా,” అన్నాడు. “మా పిల్ల తప్పు చేసింది. అయినా నా రక్తం, ఎల్లగొట్టలేను. ఇగ మీ తగువులకు నన్ను పిలవకండి. నాకు ఆ పెద్దరికం లేదు.”

పర్వతాలు వైపు తిరిగి, ముక్కూ మొహం తెలియనివాణ్ణి చూసినట్టు చూశాడు.

“ఎవడివిరా నువ్వు? నడువు ముంగట.”

కాటమ్మ బావురుమంది. తప్పు చేసిన ఆడది ఏడుస్తోంది, ఏడవనీ అనుకున్నారు చూసినవాళ్లు. రామనర్సయ్య తలపాగా చంకలో పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా, ఇద్దరినీ తన పాదుల వైపు నడిపించాడు.