అద్దం అక్క కెమెరా

“నొక్కడమే కదమ్మా, అందులో ఏముంది?” అన్నాడు పళ్ళ డాక్టరు నవ్వుతూ.

ఆమె అడిగింది పెద్ద వరమేమీ కాదు. వచ్చేవారం డాక్టర్ల సభలో తెరమీద వేయబోయే ఫోటోల కింద, ఒక మూలన, కంటికి ఆననంత చిన్న అక్షరాల్లో తన పేరు కూడా వేయమంది. అంతే. “సరే సార్” అని అద్దం కడగడానికి వెళ్లిపోయింది.

పదకొండేళ్లుగా ఆ ఆసుపత్రిలో రోగుల నోట్లో చిన్న అద్దం పెట్టి పట్టుకోవడం ఆమె ఉద్యోగం. అందుకే అక్కడ అందరికీ ఆమె అద్దం అక్క. మొదట్లో ఫోటోలు డాక్టరే తీసుకునేవాడు. ఒకరోజు చేతికి తీరిక లేక కెమెరా ఆమె చేతిలో పెట్టాడు, మళ్లీ తీసుకోలేదు. దవడ చివరి పన్ను మీద ఫోకస్ నిలవాలంటే ఊపిరి బిగబట్టాలనీ, రోగి ఆవిరికి అద్దం మసకబారకముందే నొక్కాలనీ, చిగుళ్ల ఎరుపు ఉన్నదున్నట్టు రావాలంటే వెలుతురు ఏ పక్కనుంచి తగ్గించాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. తనే తప్పులు చేసి, చెరిపి, మళ్లీ తీసి నేర్చుకుంది. డాక్టరుకు ఆ ఫోటోలతో రెండు బహుమతులు వచ్చాయి. రెండుసార్లూ ఆసుపత్రిలో అందరికీ మిఠాయి పంచాడు. ఆమెకు ఒకటి ఎక్కువే ఇచ్చాడు.

ఆ మాట జరిగినప్పుడు కుర్చీలో ఒకావిడ నోరు తెరుచుకుని పడుకుని ఉంది. సగం మూతి మొద్దుబారి, మాట్లాడలేక, చెవులు మాత్రం రిక్కించుకుని ఉంది. పని అయ్యాక మెట్ల దగ్గర అద్దం అక్క కోసం ఆగింది. తను చర్మవ్యాధుల డాక్టరునని చెప్పింది. మొద్దుబారిన మూతితోనే, “నొక్కడమే అయితే మా దగ్గర ముగ్గురు నొక్కారు, ముగ్గురివీ మసకలే” అంది. చేతులకు వచ్చే చర్మవ్యాధి మీద ఆవిడ పరిశోధన చేస్తోందట. రోగుల చేతులు వారం వారం ఫోటో తీసే మనిషి కావాలట. “జీతం ఇవ్వగలను. మీ పేరు కూడా వేస్తాను. కెమెరాకి మాత్రం నిధులు రాలేదు. మీదే ఒకటి ఉంటే ఒకటో తారీఖున వచ్చేయండి.”

ఆమె దగ్గర కెమెరా లేదు. కానీ ఆదివారాలు అదనంగా పనిచేసినందుకు వచ్చిన డబ్బు వేరే దాచుకుంది. దాంతో ఏం వస్తుందో, ఏం రాదో మూడు రోజులు మధ్యాహ్నం భోజనం మానేసి ఫోన్లో చదివి తెలుసుకుంది. కొత్త బాడీ, అంటే లెన్సు తగిలించే కెమెరా మొండెం, అక్కర్లేదు. రెండు చేతులు మారినదైనా ఫర్వాలేదు. పెట్టేదంతా లెన్సు మీద పెట్టాలి. దగ్గరి వస్తువును దగ్గరగా, పగులు పగులుగా, నూలుపోగు నూలుపోగుగా చూపించే మాక్రో లెన్సు ఒక్కటి చాలు. కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకుంది.

“సెల్లులో లేదా కెమెరా?” అన్నాడు భర్త. నీటిసరఫరా ఆఫీసులో గుమాస్తా అతను. గట్టిగా అరిచే మనిషి కాదు. కొట్టే మనిషి అసలే కాదు. ఎవరితోనైనా “మా ఆవిడ సంపాదన మా ఆవిడదే” అని చెప్పుకుంటాడు కూడా. “పోనీలే, సరదా పడుతున్నావు. కానీ ఒక్కదానివే వెళ్తే వాళ్లు నీకు టోపీ పెడతారు. నేనొస్తాను.”

అత్తగారు టీవీ మీదనుంచి చూపు తిప్పకుండా, “ఈ వయసులో ఫోటోల ముచ్చటేమిటో” అంది.

కెమెరాల షాపులో ఆమె కాగితం తీసేలోపలే షాపతను భర్త వైపు తిరిగాడు. “మేడమ్ కోసమా సార్? తేలిగ్గా ఉండేవి చూపిస్తాను.” ఆమె మాక్రో లెన్సు కావాలంది. షాపతను ఒక్క క్షణం ఆమెను కొత్తగా చూసి, లోపల పాతదొకటి ఉందని తెచ్చాడు. అది చూసి భర్త మొహం మాడ్చుకున్నాడు. వేలెడంత లెన్సు, గీతలు పడ్డ బాడీ! పక్కనే గాజు అరలో కొత్త బాడీ ఉంది. దాంతోపాటు చిన్న లెన్సొకటి, మూరెడు పొడుగు జూమ్ లెన్సొకటి, భుజానికి సంచి, అన్నీ కలిపి ఒకే పెట్టెలో.

“ఇదీ కెమెరా అంటే! ఇదుంటే ఎదురు మేడమీది పిట్ట కూడా పడుతుంది.”

“నాకు పిట్టలొద్దండీ. దగ్గరవి తియ్యాలి.”

“దగ్గరవి కళ్లకే కనిపిస్తాయి కదే, వాటికి కెమెరా ఎందుకు?”

షాపతను నవ్వాడు. భర్త నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. తరవాత చాలా రోజులు ఆమెను కొరుక్కుతిన్నది ఆ పెట్టె కాదు, తన నవ్వే. పదిమందిలో మొగుడి మాట కాదంటే ఏం బాగుంటుంది అనుకుందా? అదీ కాదు. నోరు తనకంటే ముందే నవ్వేసింది, అలవాటు కొద్దీ. తుమ్ము వచ్చినట్టు వచ్చింది నవ్వు. డబ్బు తన సంచిలోంచి తీసి, లెక్కపెట్టమని భర్తకే ఇచ్చింది. ఆ పొడుగు లెన్సుతో కాస్త దూరం జరిగి తీస్తే చేతులు కూడా రాకపోతాయా అని దారంతా తనకు తాను సర్దిచెప్పుకుంది. అలా సర్దిచెప్పుకోవడంలో ఆమె ఎప్పుడో ఆరితేరింది.

కెమెరా ఇంటికొచ్చింది. వచ్చిన రోజునుంచీ దాని పేరు “మన కెమెరా”. మన కెమెరాను భర్త బీరువాలో పెట్టాడు. వారం తిరక్కుండా మరిది స్నేహితులతో సముద్రం చూడబోతూ అన్నను అడిగాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, అన్న తీసి ఇచ్చేశాడు. ఆమె ఆసుపత్రినుంచి వచ్చేసరికి బీరువాలో ఖాళీ ఉంది.

“ఒకటో తారీఖు నాకు పనుందని చెప్పాను కదండీ!”

“నాలుగు రోజులు ఆగితే కొంప మునుగుతుందా? వాడేమైనా పరాయివాడా?”

ఒకటో తారీఖు వెళ్లిపోయింది. ఆమె చర్మం డాక్టరుకు ఫోన్ చేసి, ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పింది. “పదో తారీఖు దాకా చూస్తాను. తరవాత ఇంకెవరినైనా వెతుక్కోవాలి” అంది డాక్టరు, మర్యాదగానే.

మరిది ఆరోరోజున వచ్చాడు. “సారీ వదినా, కొంచెం ఇసకలో పడింది” అన్నాడు తలుపు దగ్గరే. జూమ్ లెన్సును తిప్పితే పంటికింద రాయిలా కరకరమంది. సగంలో బిగుసుకుపోయింది. మెమరీ కార్డులో ఆరువందల ఫోటోలున్నాయి, అన్నింట్లోనూ మరిదీ, అతని స్నేహితులూ, ఎత్తిన చేతులూ. ఆమె ఒక్కొక్కటీ చివరిదాకా చూసింది. ఎందుకు చూసిందో ఆమెకే తెలియదు. భర్త లెన్సును అటూ ఇటూ తిప్పి, “రిపేరు చేయిద్దాంలే, తొందరేముంది” అని మళ్లీ బీరువాలో పెట్టేశాడు. తొందర ఎవరిదో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. చెబితే జరిగేదేమిటో ఆమెకు తెలుసు. ఉద్యోగం మారడం ఎందుకంటాడు. జీతం ఎంతంటాడు. అమ్మను ఒక మాట అడుగుదామంటాడు. మాట మాటకీ తేదీ జరిగిపోతుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రిలో అరపూట సెలవు పెట్టి, పెట్టె మొత్తం సంచిలో వేసుకుని ఒక్కతే షాపుకు వెళ్లింది. షాపతను జూమ్ లెన్సు చెవి దగ్గర పెట్టుకుని తిప్పి, బల్లమీద పక్కకు నెట్టేశాడు.

“ఇది చెత్తబుట్టకే అమ్మా. బాడీ శుభ్రం చేస్తే పనికొస్తుంది. ఏం కావాలి మీకు?”

“ఆరోజు మీరు లోపల్నించి తెచ్చారే, ఆ మాక్రో. దాంతోపాటు ఆ పాత బాడీ. ఇవి తీసుకుని అవి ఇవ్వండి.”

“కొత్తదిచ్చి పాతది తీసుకుంటారా?”

“బాడీ పాతదైనా ఫర్వాలేదు. లెన్సే ముఖ్యం.”

అతను లోపలికి వెళ్లి తెచ్చాడు. గుడ్డతో తుడుస్తూ తల ఎత్తకుండా, “బాడీలు కూరగాయల్లాంటివి, రెండేళ్లలో వాడిపోతాయి. లెన్సు ఇత్తడి గిన్నె, తోముకుంటే తరాలు వస్తుంది. ఆరోజే అనుకున్నాను మీకు పని తెలుసని” అన్నాడు.

“మరి చెప్పలేదే?”

“కొనేది సారు కదా అనుకున్నానమ్మా.”

“డబ్బు నాది” అంది ఆమె. ఆ రెండు మాటలు పైకి అనడం అదే మొదటిసారి. అతను లెన్సుకు కొత్త మూత ఒకటి వెతికి, ఊరికే ఇచ్చాడు.

తొమ్మిదో తారీఖున చర్మం డాక్టరు గదిలో పరీక్ష. “రోగులు రేపటినుంచి వస్తారు. ముందు ఒక్క చెయ్యి తీసి చూపించండి, చాలు” అని డాక్టరు వేరే గదిలోకి వెళ్లింది. ఆమె బల్లమీద నీలం గుడ్డ పరిచింది. కిటికీ పరదా సగం లాగింది. తీయడానికి ఇంకో చెయ్యి లేదు. ఎడమచెయ్యి గుడ్డమీద పెట్టి, స్టాండు మీది కెమెరాను కుడిచేత్తో సరిచేసి, ఊపిరి బిగబట్టి నొక్కింది.

ఫోటో కంప్యూటరు తెరమీదికి వచ్చింది. గోళ్ల పక్క చర్మం తెల్లగా ఉబ్బి విడిపోయి ఉంది. కణుపుల మీద అడ్డంగా పగుళ్లు, పగుళ్ల అడుగున ఎండిన ఎరుపు. చూపుడువేలి మీద పాత కత్తిగాటు, మణికట్టు దగ్గర కాలిన మచ్చ. బొటనవేలి కొసన గీతలే లేవు, అరిగిన నాణెంలా నున్నగా ఉంది. ఫోకస్ బాగా కుదిరిందని మొదట సంతోషించింది. ఆ తరవాతగానీ చేతివైపు చూడలేదు.

డాక్టరు వచ్చి తెర దగ్గరికి వంగి చూసింది. “ఫోటో అద్భుతంగా ఉంది. పాపం, ఎవరీవిడ? ఎన్నాళ్లనుంచీ ఇలా ఉందట?”

“తెలీదు మేడమ్.”

“మీరు అడగలేదా?”

“ఎవరూ అడగలేదు” అని, వెనక దాచుకున్న చెయ్యి ముందుకు తీసింది.

డాక్టరు కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టింది. పళ్ళ ఆసుపత్రిలో హాజరు యంత్రం వేలిముద్ర తీసుకుంటోందా అని అడిగింది. ఎనిమిది నెలలుగా తీసుకోవడం లేదు. రిజిస్టరులో సంతకం పెట్టమంటున్నారు, పక్కన ‘ఆలస్యం’ అని రాస్తున్నారు. అక్కడ పనికి గ్లవ్స్ ఉంటాయి కదా, మరి ఇదంతా ఎక్కడిది? రోజుకు ఎన్ని గంటలు చేతులు నీళ్లలో ఉంటాయి? ఆమె చెప్పబోయింది. గిన్నెలు, బట్టలు, గచ్చు, మళ్లీ గిన్నెలు... “మామూలు పనే మేడమ్” అంది చివరికి.

డాక్టరు రేపటినుంచే పనిలోకి రమ్మని, మందు చీటీ రాసింది. రాత్రీపగలూ పూయాల్సిన మందు, ఆరు వారాలు నీళ్లూ సబ్బూ తగలకూడదు. “కొన్ని గీతలు తిరిగి రాకపోవచ్చు” అంది దాచకుండా.

“రబ్బరు గ్లవ్స్ వేసుకుని చేసుకోవచ్చా మేడమ్?”

“చెయ్యొద్దని చెప్తుంటే, ఎలా చెయ్యాలో అడుగుతున్నారే!”

ఆ మాట ఇంటిదాకా ఆమె వెంట నడిచింది.

ఇంట్లో భర్త బీరువా తెరిచి నిలబడి ఉన్నాడు. మన కెమెరా ఏదన్నాడు. ఆమె సంచిలోంచి పాతది తీసి బల్లమీద పెట్టి, ఏం చేసిందో, ఎందుకు చేసిందో, రేపటినుంచి ఎక్కడ పనిచేయబోతోందో ఒక్క గుక్కలో చెప్పేసింది. “నన్ను అడక్కుండా?” అన్నాడు అతను. కోపంకంటే ఆశ్చర్యమే ఎక్కువుంది ఆ గొంతులో. మరిది ఫోనులోంచి తలెత్తాడు. ఆమె మందు చీటీ, దారిలో కొన్న మందూ కూడా పక్కన పెట్టింది. భర్త చదివి, చిన్నగా నవ్వాడు.

“డాక్టర్లు ఇలాగే రాస్తారు. ఆరు వారాలంట! మరి ఇంట్లో పనంతా ఎవరు చేస్తారు?”

పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఆ ఇంట్లో ‘ఎవరు’ అన్న మాట వినపడగానే ఆమె లేచేది. ఈసారి కుర్చీలో కూర్చుని, మందు మూత తీసి, ఒక్కో వేలికీ నిదానంగా రాసుకోసాగింది. అన్నదమ్ములిద్దరూ ఆమెనే చూస్తూ ఉండిపోయారు. ఎవరూ కదల్లేదు. కదిలింది అత్తగారు. “నా ఖర్మ” అని గొణుక్కుంటూ, మోకాళ్లు పట్టుకుని లేచి, వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది.

కోడలు వెనకే వెళ్లి గుమ్మంలో నిలబడింది. నీటిధార కింద ఆ ముసలి చేతులు గిన్నెను పట్టుకున్నాయి. వేళ్లు వంకర్లు తిరిగి ఉన్నాయి. గోళ్లు పసుపుపచ్చగా మందమెక్కాయి. అరచేయి చీలి, చీలికలు నల్లగా గట్టిపడ్డాయి. పద్నాలుగేళ్లు ఒకే ఇంట్లో ఉండి ఆ చేతుల్ని ఆమె చూడలేదు.

“అత్తయ్యా, రేపు నాతో ఆసుపత్రికి రండి. మీ చేతులు చూపిద్దాం.”

“నా చేతులకేమైంది?” అంది ఆవిడ తిరక్కుండానే. “పుట్టినప్పట్నించీ ఇంతే.”

“అలా ఎవరూ పుట్టరు అత్తయ్యా” అని, ఆమె మోచేత్తో కుళాయి కట్టేసింది.