పడవక్కకు కండక్టరు

పడవక్క పడవలో చట్టం ఒక్కటే: చేప కనబడితే నోరు మూసుకోవాలి. లోతు లేని ఉప్పునీటి పాయల్లో చేపలకు బెదురెక్కువ. పడవ అడుగున చెప్పు రాసుకున్నా తుర్రుమంటాయి. గాలం వేయడానికి వచ్చినవాళ్లు ముందు నిలబడతారు, ఆవిడ వెనక నుంచి గెడతో పడవను తోస్తూ చేప ఎక్కడుందో గడియారం లెక్కలో చెబుతుంది. పడవ ముక్కు పన్నెండు. "పది గంటల వైపు, చెట్టు నీడలో" అంటే అటు విసరాలి, అంతే. చేపను అందరికన్నా ముందు చూసేది ఆవిడే. జనం ఆవిణ్ణి వెతుక్కుంటూ వచ్చేది అందుకే.

ఏటా వచ్చేవాళ్లలో ఆ చట్టానికి లొంగనివాడు ఒక్కడే, రిటైరైన బస్సు కండక్టరు. ఆయన బస్సు దిగాడు గానీ ఆయన గొంతు ఇంకా డ్యూటీ దిగలేదు. జెట్టీ దగ్గర అందరూ వసపిట్ట అంటారు. "అన్నయ్యా, నీ నోటికి దండం పెడతాను, ఒక్క అరగంట ఊరుకో" అని పడవక్క బతిమాలని సంవత్సరం లేదు. ఈసారి భార్యను కూడా వెంటబెట్టుకొచ్చాడు.

"ఏటేటా ఎక్కడికి మాయమవుతాడో చూద్దామని వచ్చానమ్మా," అంది వదినగారు పడవలో అడుగుపెడుతూ. "ఈయన నోట్లో నువ్వుగింజ నానదు. ఎలా భరిస్తున్నావు తల్లీ?"

పడవక్క నవ్వింది గానీ ఆ నవ్వులో మనసు లేదు. కొంతకాలంగా ఆవిడ కళ్లకు పొరలు కమ్ముతున్నాయి. శుక్లాలన్నాడు డాక్టరు, ఆపరేషన్ చేస్తే మళ్లీ బాగా కనిపిస్తుందన్నాడు. ఆవిడకు కత్తి అంటే భయం. ఆ మాట బయటికి పొక్కుతుందేమోనని అంతకన్నా భయం. చూపు లేని గైడు పడవ ఎవరెక్కుతారు? ఆ పడవే ఆవిడకు తిండి, తోడు, పరువు. నీడపట్టున ఎలాగో నెట్టుకొస్తోంది గానీ, ఎండ ఎదురుపడితే మాత్రం లోకమంతా పాలు ఒలికినట్టు తెల్లబడిపోతుంది. అందుకే పొద్దు పడమటికి వాలకముందే వెనక్కి వచ్చేయాలని లెక్క వేసుకుంది.

"అన్నయ్యా, ఈ గాలం ముడి నువ్వే కట్టు. నా చేతికి నూనె అంటింది," అంది బయల్దేరేముందు. వసపిట్ట ఆవిడ చేతుల వంక చూశాడు. ఏమీ అనకుండా కట్టాడు.

నీళ్లలోకి వెళ్లాక మాత్రం ఆయన వాగుడు శ్రుతి మించింది. "అదిగో చెల్లెమ్మా, రెండు గంటల వైపు నీటి మీద గీత! అదిగో, ఆ తిన్నె పక్కన తోక!" ఆవిడ నోరు తెరిచేలోపే ఈయన కేక. సగం చేపలు చెల్లాచెదురు. పడవక్కకు ఒళ్లు మండిపోయింది.

"పట్టడానికొచ్చావా, తోలడానికొచ్చావా?" అని కసిరింది. ఆయన నవ్వి, మళ్లీ మొదలుపెట్టాడు.

తీరా వెనక్కి మళ్లుదామనుకునేసరికి వదినగారి గాలం కర్ర వంగింది. పెద్ద పండుగప్ప చేప. ఆమె లాగుతుంది, అది లాక్కుపోతుంది. "ఇంట్లో నన్ను లాగినట్టు లాగు!" అని మొగుడి ప్రోత్సాహం. చివరికి అది చేతికొచ్చింది. ఆమె దాన్ని ముద్దుపెట్టుకున్నంత పని చేసి మళ్లీ నీళ్లలో వదిలింది. అప్పటికి పొద్దు వాలింది, ఆటుకు నీరు కూడా బాగా తగ్గిపోయింది.

పడవక్క గెడ లోపల పెట్టి ఇంజను వేసింది. జెట్టీకి పోవాలంటే రాళ్ల మధ్య సన్నటి కాలువ దాటాలి. దారి తెలియడానికి అటూ ఇటూ కర్రలు పాతి ఉంటాయి. మలుపు తిరగ్గానే ఎండ సూటిగా పడవక్క మొహాన కొట్టింది. కర్రలు లేవు, రాళ్లు లేవు. అంతా తెలుపు. ఇంజను తగ్గించినా వెనక నుంచి ప్రవాహం పడవను నెడుతూనే ఉంది. పాడు పరువు! ముందు ఇద్దరు మనుషులు కూర్చుని ఉన్నారు.

"అన్నయ్యా, నాకు కనిపించడం లేదు," అంది. "కర్రలేవీ కనిపించడం లేదు. నోరు మూయకు. మాట్లాడు."

ఆయన ఆశ్చర్యపోలేదు. పడవ ముక్కు దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని, బస్సును చరిచినట్టు పడవ పక్కను చేత్తో చరిచాడు.

"రానీ... రానీ... నెమ్మదిగా రానీ. కొంచెం ఎడమకి కొట్టు. చాలు. నేరుగా రానీ. కుడిపక్క రాయుంది, భయం లేదు, సందుంది. రానీ, రానీ, రానీ..."

బస్టాండులో వెనక్కి వచ్చే బస్సుల్ని ఉద్యోగమంతా అలాగే పిలిచి ఉంటాడు. ఆ గొంతులో కంగారన్నది లేదు. పడవక్క కళ్లు మూసేసుకుంది, ఆ తెలుపుకన్నా అదే నయమనిపించి. చెవులతో పడవ నడిపింది. ఒకచోట రాయి గీసుకుంది. వదినగారు కెవ్వుమంది.

"ఏం కాలేదు, గీరింది అంతే. రానీ... రైట్ రైట్! దాటేశాం చెల్లెమ్మా!"

ఇంజను ఆపేసి పడవక్క మొహం తుడుచుకుంది. పొద్దుటి నుంచీ ఆ కేకలన్నీ ఎందుకో అప్పటికి అర్థమైంది.

"ఎప్పుడు కనిపెట్టావు?"

"ముడి కట్టమన్నప్పుడే. నీ ముడి నువ్వు ఎవరి చేతికైనా ఇస్తావా?"

జెట్టీ దగ్గర పక్క పడవవాడు తాడు అందుకుంటూ, "ఏంటక్కా ఇంత ఆలస్యం? పడవకి ఆ గీతలేంటి?" అన్నాడు. వసపిట్ట నోరు తెరిచాడు. ఇక అంతా బయటపడినట్టేననుకుని పడవక్క తల దించుకుంది.

"నా వాగుడికి అక్క ధ్యాస చెదిరింది బాబూ. తప్పంతా నాదే," అన్నాడాయన.

ఆ మాట నమ్మనివాళ్లు అక్కడెవరూ లేరు. వదినగారు మొగుడి వంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ నోట్లో నువ్వుగింజ నానింది మరి.

పడవవాడు వెళ్లాక పడవక్క ఆయన చేతులు రెండూ పట్టుకుంది. "ఇన్నేళ్లూ నిన్ను నోరు మూసుకోమన్నాను. ఇవాళ ఆ నోటి వల్లే ఒడ్డున పడ్డాను. నీ మేలు మరిచిపోను అన్నయ్యా. రేపటి నుంచి పడవ కట్టేస్తాను, కళ్లు బాగయ్యేదాకా ఎవర్నీ ఎక్కించుకోను." చిన్నగా అంది: "కానీ ఆ ఆపరేషనంటేనే భయం."

"ఆ రోజు నేనొస్తాగా. కట్టు విప్పేదాకా నీ పక్కనే కూర్చుంటా."

"కూర్చుని ఏం చేస్తావు?"

"ఏముంది, మాట్లాడతా."

పడవక్క ఏడుస్తూనే నవ్వింది.

"రా అన్నయ్యా," అంది. "గొంతు సవరించుకుని మరీ రా."