గాజు పెట్టెలో పంగల కర్ర

నేను ఒక పంగల కర్రను. ఆలివ్ కొయ్య ఒళ్లు, పైన రెండుగా చీలిన ఇనుప తల. మేం నలుగురు అన్నదమ్ములం, ఒకే చెట్టుకు పుట్టినవాళ్లం. ముందు మా పెద్దన్న సంగతి చెప్పనివ్వండి, లేకపోతే నా కడుపుమంట చల్లారదు. దేవుడి పల్లకీ వెనక ఎడమ మూల ఆయనది. అక్కడ నీడ ఉంటుంది, గాలి వస్తుంది, పైగా అటువైపు ఎవరూ కొట్టుకోరు. ఒంటిమీద ఒక్క గీత పడలేదు. ముందు కుడి మూల నాది. నా తలకంటిన రక్తం వదలాలంటే మీ ఇంట్లో సబ్బు చాలదు. అయినా నలుగురిలో బుద్ధిమంతుడెవరంటే ఊరంతా ఆయన్నే చూపిస్తుంది. కదలకుండా నిలబడ్డవాడికి వచ్చే పేరే వేరు.

మాది మాల్టా, సముద్రం మధ్యనున్న చిన్న ద్వీపం. మా ఊరిని కాపాడేది పునీత రోకు అనే క్రైస్తవ సెయింటు; మావాళ్లకి ఆయనే దేవుడు. తొడమీద పుండు, పక్కన రొట్టె కరుచుకున్న కుక్క, అదీ ఆయన రూపం. ఆగస్టు ఎండలో ఆయన పండగ. పల్లకీ మోసేవాళ్లు సందు మలుపులో అలసిపోతే దూలాల కొసల కింద మా నలుగురినీ పెట్టి, పక్కకు జరిగి నీళ్లు తాగుతారు. ఆ కాసేపూ దేవుడు మా మీదే నిలబడతాడు. కర్ర పట్టుకున్న మనిషి దాన్ని కదలనివ్వకూడదు, అంతే పని. పప్పుగుత్తి తిప్పడానికి ఇంతకంటే ఎక్కువ తెలివి కావాలి.

కానీ మా ఊళ్లో రెండు బ్యాండు క్లబ్బులున్నాయి, ఒకటి ఎర్రది, ఒకటి నీలిది. దేవుడి వెనక ఎవరి బ్యాండు ముందుగా మోగాలన్నది తాతలనాటి పేచీ. రోగాల నుంచి కాపాడే దేవుడికి ఏటేటా కొత్త రోగుల్ని తయారుచేసి ఇవ్వడమే మావాళ్ల భక్తి.

నన్ను చేసింది జాన్మరీ అనే వడ్రంగి. ఎర్ర క్లబ్బు మనిషి. నా గట్టిదనం చూడ్డానికి ఆ ఏటి పండగలోనే నీలివాళ్ల డోలు పగలగొట్టాడు. అతని కొడుకు, కార్మ్ను అనేవాడి చేతికొచ్చాక, డోలు దాటి దాన్ని వాయించేవాడి దాకా వెళ్లాను. ముక్కు దూలం విరిగితే పచ్చి చిక్కుడుకాయ తుంచిన చప్పుడవుతుంది. మర్నాటి పూజలో కార్మ్ను ముందు వరుసలో మోకరిల్లి, కళ్లు మూసుకుని సత్ప్రసాదం తీసుకున్నాడు. చర్చి పక్క గదిలో నేను తడి ఆరుతున్నాను.

కార్మ్ను తర్వాత నన్ను పట్టినవాడు అతని పెద్దకొడుకు విస్టిన్. చిన్నకొడుకు సాల్వు నీలివాళ్లింటికి ఇల్లరికం పోయాడు. పోయినవాడు ఊరుకోక వాళ్ల బ్యాండులో ఇత్తడి తాళాలు పట్టాడు. తమ్ముడు మతం మార్చుకున్నా విస్టిన్ సర్దుకుపోయేవాడేమో గానీ, ఇది మాత్రం మింగుడుపడలేదు.

ఆ ఏడు మలుపులో పల్లకీ ఆగింది. దేవుడు మా మీద నిలబడ్డాడు. మోసేవాళ్లు నీళ్లకు వెళ్లారు. అదను చూసి నీలి బ్యాండు ముందుగా అందుకుంది. అందరికంటే గట్టిగా మోగింది సాల్వు తాళాలే.

"ఒరేయ్, ఆపరా! ముందు మాది!" అని అరిచాడు విస్టిన్.

"పోయినేడు మీరేగా వాయించింది అన్నా! పాపం, దేవుడి చెవులు కోలుకోవద్దూ?"

"అత్తారింటి తిండికి నాలుక బాగా సాగిందిరా నీకు!"

"నయం! వదిన వంటకి నీకు మొహం సాగింది!"

నవ్వింది నీలివాళ్లే అయితే విస్టిన్ ఓర్చుకునేవాడు. ఎర్రవాళ్లు కూడా నవ్వారు.

క్షణంలో సందంతా కలబడింది. క్లారినెట్లు కర్రలయ్యాయి. ట్రంపెట్ దెబ్బకు ఒకడి కనుబొమ మీద తోలు లేచింది. ఒక ముసలావిడ కొవ్వొత్తి స్టాండుతో రంగు చూడకుండా అందరికీ సమంగా వడ్డించింది. ఫాదర్ ఆంటన్ "శాంతి! శాంతి!" అని మైకులో అరిస్తే ఆ మైకు కీచుమంది తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు.

అప్పుడు విస్టిన్ నన్ను దూలం కింద నుంచి లాగి, తమ్ముడి మొహమ్మీద కొట్టాడు. సాల్వు పెదవి చీలింది. రెండు పళ్లు రాతిమీద రాలాయి. రెండో దెబ్బకు నేను గాలిలో లేచేసరికి, కింద నేను లేని మూల ఒరిగింది. పునీత రోకు కుక్కతో సహా ముందుకు తూలాడు.

విస్టిన్ చూడలేదు. సాల్వు చూశాడు. తాళాలు విసిరేసి, నెత్తురు కక్కుతూ వెళ్లి దూలం కింద కుడి భుజం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. దేవుడు ఆగాడు. విస్టిన్ వెనక్కి తిరిగి, మొహం పాలిపోయి, నన్ను మళ్లీ దూలం కిందికి తోశాడు. సాల్వు జారి నేలమీద పడ్డాడు. జనం తల తిప్పేసరికి నన్ను పట్టుకుని దేవుణ్ణి నిలబెట్టింది విస్టిన్, కాళ్లదగ్గర పడున్నవాడు సాల్వు.

"నీలివాళ్లు తోశారు. విస్టిన్ కాపాడాడు," అన్నారెవరో. విస్టిన్ కాదనలేదు. సాయంత్రానికి ఔనన్నాడు. వారానికల్లా తానే చెప్పసాగాడు.

సాల్వు నిజం చెప్పాడు. నీలివాళ్లంతా నమ్మారు, ఎర్రవాళ్లలో ఒక్కరూ నమ్మలేదు. మా ఊళ్లో సాక్ష్యానికి రంగుంటుంది. అతని కుడిచెయ్యి మాత్రం మళ్లీ లేవలేదు. తాళాలు వేరేవాడికి వెళ్లాయి.

నన్ను ఎర్ర క్లబ్బులో గాజు పెట్టెలో పెట్టి, కింద ఇత్తడి పలక బిగించారు: 'పునీత రోకును నిలబెట్టిన కర్ర.' విస్టిన్ వచ్చి పెట్టె తుడిచేవాడు. అద్దం తళతళలాడేది. అద్దం లోపలికి మాత్రం ఎప్పుడూ చూసేవాడు కాదు. అలా ఏళ్లు గడిచాయి. నాకు పురుగు పట్టింది, అతనికి జుట్టు పోయింది.

ఈ పండక్కి, ఊరేగింపు క్లబ్బు ముందు ఆగినప్పుడు, సాల్వు ఒక్కడూ గడప దాటి లోపలికొచ్చాడు.

"అన్నా, ఆ పలక తీయించు. నాకింకేమీ వద్దు."

విస్టిన్ నేలకేసి చూశాడు. మాట్లాడింది అతని కొడుకు ద్వార్దు. "మా నాన్న అబద్ధాలకోరంటావా బాబాయ్? మా గడపలో నిలబడి?"

"నేను పలక తీయమన్నానంతే."

ద్వార్దు సాల్వును గోడకేసి కొట్టాడు. నీలివాళ్లు తలుపు విరగ్గొట్టుకుని లోపలికొచ్చారు. కుర్చీలు లేచాయి, సీసాలు పగిలాయి. ఒకడి చెవి సగం తెగి వేలాడింది. ఫాదర్ ఆంటన్ ఈసారీ మైకుతోనే వచ్చి మధ్యలో చిక్కుకున్నాడు. ద్వార్దు మోచేత్తో గాజు పగలగొట్టి నన్ను బయటికి లాగి, బాబాయి నెత్తిమీదికి ఎత్తాడు.

"చెయ్యెత్తు! కాచుకో, మగాడివైతే!"

సాల్వు ఎడంచేతిని ఎవరో విరిచి పట్టుకున్నారు. కుడిచెయ్యి దండెంమీది తడిగుడ్డలా వేలాడుతోంది. కళ్లు మూసుకున్నాడు.

నేను దిగాను. కానీ నాకు తగిలింది తల కాదు, అరచెయ్యి. విస్టిన్ మధ్యలోకొచ్చి నన్ను పట్టుకున్నాడు. నా ఇనుప కొస అటునుంచి ఇటు దిగింది. అతను వదల్లేదు. ఆ తోపులాటలో ఫాదర్ చేతి మైకు అతని గడ్డం కిందికి వచ్చింది. జన్మలో మొదటిసారి ఆ మైకు కీచుమనలేదు. చర్చి గోపురం మీది లౌడ్‌స్పీకర్లో, ఎర్ర వీధికీ నీలి వీధికీ సమంగా, అతని గొంతు వినిపించింది.

"వాడా చెయ్యి ఎత్తలేడురా. ఆ రోజు పల్లకీ కింద నుంచి ఈ కర్ర లాగింది నేను. దేవుణ్ణి మోసింది వాడు. తప్పు నాది."