గంటసేపు నిలబెట్టిన రక్తం

"చెయ్యి వణికేదానివి కప్పు నిండా ఎందుకు పోస్తావు? సగమే పోసి తేవచ్చుగా," అన్నాడు భర్త, బల్ల మీద ఒలికిన టీని పాత పేపరుతో అద్దుతూ.

అతని గొంతులో కోపం లేదు. అదే చిక్కు. కోప్పడితే ఆమె కూడా ఓ మాట అనేది. ఇది సలహా. సలహాకి ఎదురు చెప్తే గయ్యాళి అయిపోతుంది. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. కింద నిలబడి, ఐదో అంతస్తు నుంచి దిగుతున్న లిఫ్టు చప్పుడు విని ఎక్కడ అరిగిందో చెప్పేస్తాడు. నెలన్నరగా పక్కన కూర్చున్న మనిషి గుండె పరుగెత్తినట్టు కొట్టుకుంటోందని మాత్రం అతని చెవిన పడలేదు. జలుబూ జ్వరమూ వచ్చి తగ్గాక మొదలైందది. గొంతు ముందు భాగంలో సలుపు, మింగితే చెవి దాకా పాకుతుంది. కూర్చుంటే చెమట, నిలబడితే నీరసం, జాకెట్లన్నీ వదులు. "దుప్పట్లు పిండినప్పుడు మెడ పట్టేసుంటుంది," అన్నాడు భర్త. "నలభై ఆరు వచ్చాయిగా, ఆ వయసు అంతే. నాకూ వచ్చింది, పోయింది. దానికెవరూ మంచం ఎక్కరు," అంది అత్తగారు. ఆమె మంచం ఎక్కలేదు. దుప్పట్లు పిండుతూనే ఉంది. ఇంతకీ ఆ మాట ఎంతమంది ఆడవాళ్లకి తను మాత్రం చెప్పలేదు? చెయ్యి చాపి, మొహం తిప్పుకుని, "ఈ మధ్య ఏమీ బాగుండట్లేదమ్మా" అన్న ప్రతి మనిషికీ దూది అద్దుతూ "వయసు కదండీ" అనేసేది.

ఆమె పనిచేసేది రక్తపరీక్షలు చేసే చోట. ఇరవై రెండేళ్లుగా అక్కడ సూది పట్టింది ఆమే. ఆమె గుచ్చితే నొప్పి తెలియదని పిల్లలు పెట్టిన పేరు సూదక్క. పెద్దవాళ్లూ అలాగే పిలుస్తారు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, ఆమెకీ దాని అవసరం పడలేదు.

ఆ రోజు ఐదేళ్ల పిల్ల చెయ్యి చాపింది. సూదక్క నరం చూసింది, సూది ఎత్తింది. సూది మొన గాలిలో సన్నగా ఆడింది. పిల్ల చూడలేదు కానీ తల్లి చూసింది. "ఇంకెవరైనా ఉన్నారా అండీ?" అంది మర్యాదగానే. సూదక్క సూది ట్రేలో పెట్టేసి పక్కకి తప్పుకుంది. మధ్యాహ్నానికి మేనేజరు వచ్చి, "రేపట్నుంచి కొన్నాళ్లు పేర్లు రాసుకునే కౌంటర్లో కూర్చోండక్కా, మీకూ విశ్రాంతి," అన్నాడు. అదీ సలహాయే.

లాబ్ చూసే డాక్టరమ్మ ఆమెని లోపలికి పిలిచి, కుర్చీ చూపించింది. "ఊళ్లో అందరికీ తీశావు. నీకెప్పుడు తీశారు?"

సూదక్క ఆలోచించింది. "మా అమ్మాయి పుట్టినప్పుడు అనుకుంటా మేడమ్."

అమ్మాయికి ఇప్పుడు పంతొమ్మిది.

డాక్టరమ్మ రబ్బరు పట్టీ కట్టి సూది అందుకుంది. ఆమెకి సూక్ష్మదర్శినిలో చూడటం తెలిసినంత బాగా గుచ్చటం తెలియదు. మొదటిసారి తప్పింది. "కాస్త ఎడమకి మేడమ్, లోతు వద్దు," అని సూదక్కే దారి చెప్పాల్సి వచ్చింది. ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతుండగానే గొట్టంలోకి రక్తం దూకింది.

కొంత రక్తం యంత్రాలకి వెళ్లింది. కొంత, ఈఎస్ఆర్ అనే పాతకాలపు పరీక్షకి. అందులో యంత్రమేమీ లేదు. రెండు వందల గీతలున్న సన్నని గాజు గొట్టంలో రక్తం నింపి నిటారుగా నిలబెట్టటం, గంట తర్వాత ఎర్రదనం ఎన్ని గీతలు దిగిందో చూడటం, అంతే. ఒంట్లో ఎక్కడైనా వాపు రగులుతుంటే ఎర్రకణాలు పళ్లాల దొంతరలా ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి, త్వరగా దిగుతాయి. సూదక్క ఇలాంటి గొట్టాలు ఎన్ని వేలు నిలబెట్టిందో. నిలబెట్టటం, గంటకి వచ్చి అంకె రాసుకోవటం. మధ్యలో ఏం జరుగుతుందో ఒక్కనాడూ చూడలేదు. ఆ గంటలో వేరే పని ఉండేది. ఏ గంటలోనైనా వేరే పని ఉంటుంది.

ఆ రోజు పని లేదు. స్టూలు లాక్కుని గొట్టం ముందు కూర్చుంది.

మొదట ఏమీ కదల్లేదు. పది నిమిషాలకి పైన వెంట్రుకవాసి పసుపుపచ్చని తేట కనిపించింది. ఆ తర్వాత ఎరుపు దిగటం మొదలుపెట్టింది. కంటికి కదిలినట్టుండదు, రెప్ప వేసి చూస్తే ఒక గీత కిందుంటుంది. కింద ఎరుపు, పైన ఎండ తగిలిన తేనె రంగు, మధ్య కత్తితో కోసినంత తిన్నని అంచు. తన ఒంట్లో ఇంత అందమైనది తిరుగుతోందని ఆమెకి తెలియదు. నెలన్నరగా ఇది చెప్తూనే ఉంది. గొంతులో చెప్పింది, గుండెలో చెప్పింది, చేతివేళ్ల కొసల్లో చెప్పింది. ఎవరూ వినకపోయినా విసుక్కోలేదు, అలిగి ఊరుకోలేదు. గాజులో పోసి నిలబెడితే చాలు, గీతల లెక్కన, అబద్ధం లేకుండా, ఆమె తరఫున సాక్ష్యం చెప్తోంది. దండం పెట్టాలనిపించి, ఎవరికి పెట్టాలో తెలియక, సూదక్క చేతులు ఒళ్లో పెట్టుకుంది.

గంటయ్యేసరికి డెబ్బై రెండు. ఆమె వయసుకి ఇరవై, పాతిక లోపు ఉండాలి.

సాయంత్రానికి మిగతా కాగితాలూ వచ్చాయి. డాక్టరమ్మ, తనకి తెలిసిన హార్మోన్ల డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, సూదక్క గొంతు మీద రెండు వేళ్లు ఆనించింది. "ఇక్కడ థైరాయిడ్ గ్రంథి వాచింది. నీ జ్వరం తర్వాత వచ్చినట్టుంది. రెండు మూడు నెలలకి సరిపడా హార్మోను లోపల దాచుకుంటుంది ఇది. వాచేసరికి ఆ దాచిందంతా ఒక్కసారి రక్తంలోకి కారిపోతోంది. అందుకే దడ, వణుకు. మందులకి తగ్గుతుంది. కానీ మధ్యలో హార్మోను బాగా పడిపోయే రోజులూ వస్తాయి, అందుకని కొన్ని నెలలు వదలకుండా చూస్తుండాలి."

"ఇది ఎంత ఉంటుంది మేడమ్, బరువు?"

"ఇరవై గ్రాములు. అటూ ఇటూ."

గుప్పెడు కూడా లేనిది, నెలల తరబడి ముందుచూపుతో దాచిపెడుతోంది. బస్సులో కూర్చుని సూదక్క గొంతు తడుముకుంది, నిద్రపోతున్న పసిపిల్లని తడిమినంత మెల్లగా.

ఇంట్లో కాగితం బల్ల మీద పెట్టి, "ఇది మెడ పట్టెయ్యటం కాదు, వయసూ కాదు. డాక్టరు నెల రోజులు బరువు పనులు వద్దన్నారు. దుప్పట్లు మీరు ఉతకాలి," అంది. భర్త కాగితం తిప్పి తిప్పి చూశాడు. "గొంతులో వాపుకీ చెయ్యి వణకటానికీ ఏమిటి సంబంధం?"

ఆమె చెప్పింది. సలుపు మొదలుకొని దడ దాకా ఒక్కొక్కటే చెప్పింది. గుమ్మం దగ్గర నిలబడిన అత్తగారి చెయ్యి, తెలియకుండానే, తన గొంతు మీదికి వెళ్లింది.

"మింగితే చెవి దాకా పాకేదా?" అంది.

"అవునత్తయ్యా."

ఆవిడ కుర్చీలో కూర్చుంది. "నాకూ అంతే. వణుకు, ఏడుపు, నిద్ర లేదు. నాకు మతి తప్పిందన్నారు. పిల్లాణ్ణి నా దగ్గర ఉంచటం మంచిది కాదని నన్ను మా అమ్మ దగ్గరికి పంపేశారు. ఆరు నెలలు."

భర్త తలెత్తాడు. "తాతయ్యకి ఒంట్లో బాగాలేక చూసుకోవటానికి వెళ్లావన్నారుగా?"

"నీకు నాలుగేళ్లురా. ఏదో ఒకటి చెప్పాలిగా."

అతను లేచి, దుప్పట్ల బుట్ట ఎత్తుకుని వెళ్లాడు.

రెండు వారాలకి డెబ్బై రెండు నలభై అయింది. ఆరో వారానికి చెయ్యి కుదురుగా నిలబడింది. ఆ శుక్రవారం పరీక్షకి బయల్దేరుతుంటే అత్తగారు చెప్పులు వేసుకుంది. "నాకూ చూడు."

"అప్పటిది ఇప్పుడు కనిపించదత్తయ్యా."

"తెలుసులే. అయినా చూడు."

నెలన్నర తర్వాత సూదక్క పట్టిన మొదటి సూది అది. ముడతల కింద జారిపోయే నరాన్ని బొటనవేలితో ఆపి, ఒక్కసారికే గుచ్చింది. ఆవిడకి తెలియనే లేదు. రెండు గొట్టాలు పక్కపక్కన నిలబెట్టి, రెండు స్టూళ్లు వేసింది. అత్తగారు కళ్లద్దాలు సర్దుకుని, దిగుతున్న ఎరుపునే చూస్తూ గంటా కదల్లేదు.

సూదక్క వంగి చదివింది. "నాది ఇరవై ఆరు. మీది పద్దెనిమిది. మీ వయసుకి చక్కగా ఉంది."

అత్తగారు గొట్టం మీంచి చూపు తిప్పకుండా అడిగింది. "అయితే అప్పుడు ఎవరో ఒకరు నా కోసం ఒక్క గంట కూర్చుంటే సరిపోయేదన్నమాట."