వేళ కాని వేళ మోగిన మైకు

పదో తరగతి ఫలితాలొచ్చిన రోజే గౌసియాకు వాళ్ల నాన్న వలి సాహెబ్ కచ్చితంగా చెప్పేశాడు. ఊళ్లోనైతే ఎంతైనా చదువుకో, కాలేజీ ఉన్న కోయిలకుంట్లకు మాత్రం పంపేది లేదన్నాడు. ఊళ్లో బడి పదితోనే ఆగిపోయె, ఇంకేం చదువుతుంది పాపం! మూతి ముడుచుకుని అంట్లు తోముతూ కూర్చుంది.

అలాంటిది, ఆడపిల్లలు ఇల్లు దాటి పోకుండా ఊరి హైస్కూల్లోనే ఇంటర్ పెడతారని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చిందని తెలిసేసరికి గౌసియా కాళ్లు నేల మీద నిలవలేదు. ఇంటింటికీ తిరిగి తోటి పిల్లలందర్నీ ఒప్పించింది.

తీరా జిల్లా నుంచి ఆఫీసరమ్మ వచ్చిన పూట బడి గదిలో గౌసియా ఒక్కతే ఉంది. మిగతా పిల్లలంతా అమ్మల వెంట పత్తి చేలల్లో కలుపు తీయడానికి పోయారు. మధ్యాహ్నంలోగా పిల్లలు కనబడకపోతే ఇంటర్ పక్కూరికి పోతుందని ఆమె తేల్చి చెప్పింది. ఆమెను అని ఏం లాభం, ఖాళీ బెంచీలకు పాఠం ఎవరు చెప్తారు?

గౌసియా బడి పక్కనున్న మసీదుకు పరుగెత్తి, మైకు చూసుకునే నాన్నను బతిమాలింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఊర్లో అందరికీ చెప్పేదేమంటే..."

అంతే, కరెంటు పోయింది. గౌసియాకు ఏడుపొచ్చింది.

అయితే ఆ ఊళ్లో ఎవరింట్లో ఎవరు పోయినా కబురు చెప్పేది ఆ మైకులోనే. నమాజు వేళ కాకుండా మోగిందంటే చావు కబురే! చేలల్లో జనం ఎక్కడి పని అక్కడ పడేసి ఊళ్లోకి ఉరికారు. మొన్నటిదాకా జబ్బుతో మంచంలో ఉన్న బీబమ్మే, అంటే గౌసియా నాయనమ్మ, పోయిందనుకున్నారు. గౌసియాతో చదివిన శిల్ప వాళ్లమ్మ రామలక్ష్మమ్మ దారిలోనే శోకాలు ఎత్తుకుంది. తీరా వచ్చి చూస్తే, మనవరాలికి తోడొచ్చిన బీబమ్మ బడి మెట్ల మీద కూర్చుని నిమ్మళంగా వక్క నములుతోంది.

సంగతి విని రామలక్ష్మమ్మకు ఒళ్లు మండింది. ఇంత పని చెడగొట్టి నవ్వులాటా అని వలి సాహెబ్‌ను దులిపేసి, కూతురు శిల్ప చెయ్యి పట్టుకుని చేని దారి పట్టింది. మిగతా తల్లులూ వెనక్కి తిరిగారు.

"నిలబడు రామలక్ష్మీ," అంది బీబమ్మ. "నేను నిజంగా సచ్చింటే ఈ పొద్దు మళ్లా చేనికి పోతాంటివా?"

"యాడ పోతాం? ఊర్లో శవాన్ని పెట్టుకోని ఎవురన్నా పనికి పోతారా?"

"అయితే సచ్చినాననే అనుకో. పిల్లను లోపలికి తోలు."

రామలక్ష్మమ్మ కళ్లు తుడుచుకుంటూనే పక్కున నవ్వింది. శిల్ప చెయ్యి వదిలింది. ఆ ఒక్క చెయ్యి వదలడమే ఆలస్యం, పిల్లలంతా బురద కాళ్లతోనే ఆఫీసరమ్మ ఉన్న గదిలోకి పరుగెత్తారు. వాళ్లందరికంటే ముందు గౌసియా.