కొమ్ము చూసుకోండి

నేను ఒక బొమ్మల పుస్తకాన్ని. నాకున్నవి ఇరవై నాలుగు పేజీలు. అందులో ఎనిమిది నావి కావు. ఈ మాట ఇప్పుడు దర్జాగా చెప్తున్నాను గానీ, కొత్తలో ఎవరైనా నన్ను తెరుస్తుంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

నా పేరు 'మబ్బు మేక'. మేత కోసం కొండెక్కిన మేకపిల్ల ఒకటి అక్కణ్ణుంచి మబ్బు మీదికి దూకుతుంది. అదీ కథ. పేజీకి రెండే వాక్యాలు, మిగతాదంతా బొమ్మ. చిన్నపిల్లల పుస్తకమే కదా అని తీసిపారేయకండి. ఆ మేక గడ్డానికి రంగు కుదరక బొమ్మలేసినాయన ఎన్ని కాగితాలు చించాడో నాకు తెలుసు.

నేను పుట్టింది హైదరాబాదులో ఒక ప్రెస్సులో. ఒక పెద్ద కాగితం మీద ఎనిమిది పేజీలు అచ్చువేసి మడతపెడితే దాన్ని ఫారం అంటారు. అలాంటివి మూడు కలిపి కుడితే నేను. ఏ ఫారం ఏ పుస్తకానిదో తెలియాలి కాబట్టి, మొదటి పేజీ అడుగున పుస్తకం పేరులోని మొదటి అక్షరం, పక్కన అంకె వేస్తారు. చీమ తలకాయంత ఉంటుంది. నా రెండో ఫారం గుర్తు 'మ–2'. అదే రోజు, అదే కాగితం మీద, అదే కొలతలో ఇంకో పుస్తకం కూడా తయారవుతోంది. దాని పేరు 'ముళ్ళదారి ముఠా'. పదేళ్ళు దాటిన పిల్లలకు సాహస కథ, నూట ఇరవై పేజీలు. దాని రెండో ఫారం గుర్తు 'ము–2'.

నన్ను కలిపింది జహీరా బీ. ఇరవై ఏళ్ళుగా ఫారాలు ఏరుతూ తెలుగు అక్షరాలన్నీ తనంతట తానే నేర్చుకుంది మహాతల్లి. గుణింతాల దాకా మాత్రం రాలేదు. అసలే 'మ'కు పుట్టుకతోనే ఒక తోక ఉంటుంది. దానికి ఇంకో కొమ్ము తగిలిస్తే ఎవరికి కనపడుతుంది చెప్పండి! పైగా ఆ ఫారం మొదట్లో ముఠా వాళ్ళ గేదె బొమ్మ ఉంది. జహీరా బీ ఒక్క క్షణం ఆగింది.

"ఇది మేకేనా?" అని పక్కావిడను అడిగింది.

"కొమ్ములున్నయ్ గదా, మేకే!" అందావిడ తల ఎత్తకుండా.

అంతే, కుట్టేశారు. ఎనిమిదో పేజీ తర్వాత తొమ్మిదోదే వచ్చింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మనుషులు అంకె సరిపోతే చాలు, అన్నీ సరిపోయినట్టే అనుకుంటారు.

కొత్త పుస్తకాల కట్టలో నేను మెట్‌పల్లి దగ్గర ఒక ఊరి గ్రంథాలయానికి చేరాను. ముఠా కూడా అదే కట్టలో వచ్చింది. అక్కడి లైబ్రేరియన్ భూమేశ్వర్ సార్. ఒక బుధవారం సాయంత్రం గంగోత్రి అనే ఆరో తరగతి పిల్ల వచ్చి నన్ను అందుకుంది. అందుకుని, ఎవరూ చూడకుండా దినపత్రిక మధ్యలో పెట్టుకుంది. ఎందుకంటే ఆ పిల్లకు చదవడం సరిగ్గా రాదు. అక్షరాలు వచ్చు గానీ కొమ్ములు మింగేస్తుంది. బడిలో 'కుక్క'ను 'కక్క' అని చదివితే తరగతంతా పడీపడీ నవ్విందట. ఆ నవ్విన పిల్లలే ఇక్కడికీ వస్తారు.

"ఓ! ఆరుకొచ్చి మేక బొమ్మలు సూస్తుందిరో!" అని అరవనే అరిచాడు ఒకడు. గంగోత్రి చెవులు ఎర్రబడ్డాయి. అయినా నన్ను వదల్లేదు. ఆ పట్టు నాకు నచ్చింది.

ఎనిమిది పేజీలు బాగానే నడిచాయి. తొమ్మిదోదానికి వచ్చింది.

"సార్, మేక బర్రెట్లయింది?"

సార్ వచ్చి చూసి నాలుక చప్పరించాడు. "అయ్యో, వేరే పుస్తకం ఫారం కుట్టిన్రు బిడ్డా. శనివారం పార్సిల్ల వాపస్ పంపుత. అందాక సదువుకో. గని పెన్సిల్ గీత కూడ పడొద్దు. రాసిన పుస్తకం కంపెనీ తీసుకోదు."

వాపస్ వెళ్తే నా గతి ఏమిటో నాకు తెలుసు. చించి, గుజ్జు చేసి, అట్టపెట్టెలు చేస్తారు. నా బాధ నాది. గంగోత్రి బాధ వేరు. ఆ బొమ్మలో గేదె పక్కన నలుగురు పిల్లలు ఒక తుప్పు పట్టిన రేకుల గది ముందు నిలబడి ఉన్నారు. లోపల ఏముందో ఆ పిల్లకు తెలిసి తీరాలి. ఎనిమిది పేజీలు, ఆ ఒక్క బొమ్మ తప్ప అన్నీ బారెడు బారెడు వాక్యాలు, మూడంటే మూడు సాయంత్రాలు.

చదివింది చూడండీ! వేలు కింద పెట్టి, పెదాలు కదుపుతూ, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. 'అందరూ కలిసి తలపు తెరిచారు' అని చదివింది. తలపు తెరవడమేమిటి? మళ్ళీ వెనక్కి వచ్చింది. కళ్ళు చికిలించి చూసింది. 'లు'... తలుపు! "తలుపు!" అని పైకే అరిచేసరికి సార్ ఉలిక్కిపడ్డాడు. అప్పటినుంచి కొమ్ము కనపడితే చాలు, దొంగను పట్టినట్టు పట్టుకునేది. శుక్రవారం ఆ గుంపు మళ్ళీ వచ్చి వెక్కిరించినా తల ఎత్తలేదు. నిజం చెప్తున్నాను, ఆ పిల్లను చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

శనివారానికి పదహారో పేజీ అయిపోయింది. ఆ రేకుల గదిలో ఇనప్పెట్టె దొరికింది. ముఠాలో పెద్దపిల్ల మూత ఎత్తింది. ఆఖరి మాట 'లోపల'. గంగోత్రి ఊపిరి బిగబట్టి పక్క పేజీ మీదికి వేలు జరిపింది. 'మేక కడుపునిండా కుడితి తాగి పడుకుంది' అని ఉంది.

"ఛీ!" అంది. నన్ను కాదులెండి, ఆ మేకను.

"సార్, ఈ బర్రె కథ ఏ పుస్తకంల ఉన్నది?"

సార్ అప్పటికే పార్సిల్ కట్టడానికి దారం తీశాడు. నా తొమ్మిదో పేజీ అడుగున గుర్తు చూశాడు. "'మ' అనే ఉన్నది. ఇది మబ్బు మేక గుర్తే గదా. ఏ పుస్తకందో ఎట్ల దొరుకుతది? ఇడిసిపెట్టు బిడ్డా" అన్నాడు.

గంగోత్రి వంగింది. ముక్కు నాకు తగిలేంత దగ్గరగా వంగింది.

"మ కాదు సార్. ము. కొమ్మున్నది సూడుండ్రి."

సార్ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ప్రెస్సు, జహీరా బీ, ముప్పై ఏళ్ళ అనుభవమున్న ఈయన, ఇందరి కళ్ళు కప్పిన కొమ్మును ఈ పిల్ల పట్టేసింది. సార్ తల ఎత్తేసరికి గంగోత్రి అప్పటికే కొత్త పుస్తకాల బీరువా ముందుంది. వేలితో వరసగా 'మ... మా... మి...' అనుకుంటూ వెళ్ళి, 'ము' దగ్గర ఆగి, లావుపాటి 'ముళ్ళదారి ముఠా'ను బయటికి లాగింది. పదిహేడో పేజీ తెరిచింది.

పెట్టెలో ఏముందో నాకూ వినాలని ఉండదా? కానీ ఇన్నాళ్ళూ పెదాలు కదిపి చదివిన పిల్ల, ఆ పేజీ మాత్రం మనసులో చదువుకుంది. చదివి, పకపకా నవ్వింది. ఇప్పటికీ నాకు తెలియదు, లోపల ఏముందో. ఉక్రోషం వచ్చింది గానీ, సంతోషమే ఎక్కువ వేసింది.

సార్ నన్ను కట్ట మీద పెట్టి దారం చుట్టబోయాడు. గంగోత్రి పరుగెత్తుకొచ్చి నన్ను చటుక్కున లాక్కుంది. పదహారో పేజీ తీసి, జేబులోంచి పెన్సిల్ తీసి, అడుగున ఖాళీలో ఒత్తి ఒత్తి రాసింది. 'మిగతాది ముళ్ళదారి ముఠాలో ఉంది. మ కాదు, ము. కొమ్ము చూసుకోండి.' కొమ్ములన్నీ అక్షరాలకంటే పెద్దగా పెట్టింది.

"అయ్యయ్యో, ఏం పనే ఇది!" అని లేచాడు సార్. "రాసిన పుస్తకం కంపెనీ వాపస్ తీసుకోదని చెప్పిన గద బిడ్డా!"

"అందుకే రాసిన సార్" అంది గంగోత్రి.