పన్నెండు సెకన్లు

మెషీన్లో వేస్తే పాడవుతుందని డెట్లెఫ్ రేసు సూటును వీబ్కే చేత్తోనే ఉతుకుతుంది. ఛాతీ మీద కుట్టిన పేరు మొగుడిది, చంకల్లో చెమట మాత్రం ఆమెది. పత్రికలో అతని పేరుతో వచ్చే కార్ల పోలిక పరీక్షల కోసం పద్నాలుగేళ్లుగా నూర్బుర్గ్‌రింగ్ రేసు ట్రాక్ చుట్టూ కారు తోలేది ఆమే. అతను గడియారం పట్టుకుని టైము చూస్తాడు, తర్వాత రాస్తాడు. "పరీక్ష కారుకి గానీ మనకి కాదుగా, ఎవరు తోలితే ఏంటి?" అంటాడు. అత్తగారైతే "మావాడి చెయ్యి పడితే ఎంత చిన్న కారైనా ఎగురుతుంది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి మురిసిపోతుంది, ఖాళీ కాఫీ కప్పులు వీబ్కే చేతికిస్తూ.

ఈ ఏడాది పత్రికవాళ్లు కారులో కెమెరా పెట్టమన్నారు.

"హెల్మెట్ అద్దం దించుకో. ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు డెట్లెఫ్.

"ఈసారి నువ్వే తోలు," అంది వీబ్కే. గడియారం చూశాకైనా, తోలడంలో నువ్వే నయమని ఒక్క మాట అంటాడని ఆమె ఆశ. పత్రికలో రాయక్కర్లేదు, తనతో అంటే చాలు.

ఒకే చిన్న కారు, మూడు రకాలు. గేర్లది, ఆటోమేటిక్‌ది, బరువు తగ్గించడానికి వెనక సీటు పీకేసినది. నిరుటికీ ఇప్పటికీ వాటిలో మారిందేమీ లేదు. డెట్లెఫ్ తోలితే మొదటిది నిరుటి టైముకంటే పన్నెండు సెకన్లు వెనకబడింది. "టైర్లు పనికిమాలినవి," అన్నాడు. రెండోదీ అంతే. "స్ప్రింగులు మెత్తగా ఉన్నాయి." మూడోదీ అంతే; దిగి హెల్మెట్ తీసి, గడియారం వంక చూశాడు. ఇప్పుడంటాడు అనుకుంది వీబ్కే.

సాయంత్రం ఆమె బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే సంపాదకుడు ఓస్టర్‌కాంప్ ఫోన్ చేశాడు. డెట్లెఫ్ స్పీకర్ నొక్కాడు.

"మూడూ మందగించాయా? నిరుడు తోలిన మనిషే తోలాడు కదా? లేకపోతే ఈ పోలికే చెల్లదు."

డెట్లెఫ్ ఒకసారి ఆమె వీపు వైపు చూశాడు.

"నిరుడైనా, ఈ ఏడైనా, ఎప్పుడూ నేనేనండీ. కార్లే చెడ్డాయి."

వీబ్కేకి ఏడుపు కూడా రాలేదు. మూడు మంచి కార్లను చెడ్డవనగలిగాడు గానీ, పెళ్లాం బాగా తోలుతుందని అనలేకపోయాడు. ఇంట్లో అందరి మాటలూ వినిపించేవి. ఆ ఇరవై కిలోమీటర్ల మలుపుల్లో మాత్రం ఇంజిన్ చప్పుడు ఒక్కటే వినిపించేది. తనదనుకున్న చోటు అదొక్కటే.

అతను ఫోన్ పెట్టేశాక, "అయితే ఇకమీదటా నువ్వే తోలుకో, నేను రాను," అంది.

బతుకులో ఉన్న ఒకే ఒక్క సంతోషాన్ని ఆమే వదిలేసుకుంది. డెట్లెఫ్ కాగితాల మీంచి తలెత్తకుండానే, భోజనం ఇంకెంతసేపని అడిగాడు.